కిక్‌కూ బేస్‌కూ మధ్య కంప్రెసర్

తాళానికి ఆధారమైన లోతైన దెబ్బ, కిక్ డ్రమ్ మీద ఒక కంప్రెసర్ పెడతాము. శబ్దం ఒక హద్దు దాటితే దాని స్థాయిని దానంతటదే తగ్గించే పరికరం అది. మీటరు కదులుతుంది, శబ్దం దిట్టపడినట్టు అనిపిస్తుంది. ఆ ఉత్సాహంతో అడుగున నడిచే లోతైన స్వరాల వరస, బేస్ మీద ఒకటి, డ్రమ్స్ అన్నీ కలిసే చోట ఇంకొకటి, చివరికి పాట మొత్తం మీద మరొకటి వచ్చి చేరతాయి. మర్నాడు అలసట తీరిన చెవులతో వింటే కిక్‌లో దెబ్బ లేదు, బేస్‌లో కదలిక లేదు. అన్నీ ఒకే ఎత్తున నిలబడి మోగుతున్నాయి. కంప్యూటర్ మీద సంగీతం చేసేవారిలో ఈ దశ ఎదుర్కోనివారు చాలా తక్కువ. నేనూ ఆ దారిలోనే వచ్చాను.

దీనికి చెవిని తప్పుపట్టనక్కరలేదు. కంప్రెషన్ గురించి ఏళ్లుగా చెప్పుకుంటున్న సలహాల్లో చాలావరకు మనుషులు చేత్తో వాయించిన వాద్యాల కోసం పుట్టినవి. బేస్ గిటార్ వాయించేవారు ఒక స్వరాన్ని గట్టిగా, మరో స్వరాన్ని మెత్తగా మీటుతారు. డ్రమ్స్ వాయించేవారు అలసిపోతే దెబ్బ పలచబడుతుంది. అలాంటి రికార్డింగుల్లో కంప్రెసర్ మొదటి పని ఆ ఎగుడుదిగుళ్లను చదును చేయడం. మరి రోలాండ్ సంస్థ 1980లో తెచ్చిన టీఆర్-808, 1983లో తెచ్చిన టీఆర్-909 డ్రమ్ యంత్రాలకు అలసట లేదు. మనం కావాలని మార్చకపోతే వాటి కిక్ మొదటి దెబ్బ ఎంత బలంగా పడుతుందో వెయ్యో దెబ్బా అంతే బలంగా పడుతుంది. చదును చేయడానికి అక్కడ గతుకే లేదు. అయినా హౌస్, టెక్నో, డ్రమ్ అండ్ బేస్ లాంటి ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతాల్లో కంప్రెషన్ అడుగడుగునా వినిపిస్తుంది. అక్కడ అది చేస్తున్న పని ఏమిటి?

కాలాన్ని మలచడం అన్నది నా జవాబు. దెబ్బ ఎంతసేపు పదునుగా ఉండాలి, దాని తోక ఎంతవరకు సాగాలి, కిక్ పడినప్పుడు బేస్ ఎంత త్వరగా పక్కకు తప్పుకోవాలి, తిరిగి ఏ క్షణానికి నిండుగా నిలబడాలి? ఈ ప్రశ్నలకు జవాబులు మిల్లీసెకన్లలో ఉంటాయి. డెసిబెల్ లెక్క ఆ తర్వాతే వస్తుంది.

అటాక్ అంటే ఎదురుచూపు కాదు

స్థాయికి సంబంధించిన రెండు అమరికలు సులువుగానే అర్థమవుతాయి. థ్రెషోల్డ్ ఒక గీత. శబ్దం దాన్ని దాటితేనే కంప్రెసర్ కదులుతుంది. దాటిన దాంట్లో ఎంత మిగలాలో రేషియో చెబుతుంది. గీత -20 డెసిబెల్ వద్ద, రేషియో 4:1 వద్ద ఉండగా శబ్దం -12కి చేరిందనుకుందాం. గీతకు పైన 8 డెసిబెల్ ఉంది. అందులో నాలుగో వంతు, అంటే 2 మిగులుతుంది. బయటికి వచ్చేది -18. మొత్తం 6 డెసిబెల్ తగ్గింది. ఆ తగ్గిన దాన్ని మేకప్ గెయిన్‌తో పైకి లేపుతాము. గీత దగ్గర మలుపు నిటారుగా ఉండాలా, మెత్తగా వంగాలా అని నిర్ణయించే మరో అమరిక ఉంది కానీ మొదట్లో దాని జోలికి పోకపోయినా నష్టం లేదు.

చిక్కంతా అటాక్, రిలీజ్ దగ్గరే. అటాక్‌ను 30 మిల్లీసెకన్లకు పెడితే కంప్రెసర్ అంతసేపు ఊరికే నిలబడి, ఆ తర్వాత పని మొదలుపెడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి శబ్దం గీత దాటిన మరుక్షణం నుంచే తగ్గింపు మొదలవుతుంది. అది ఎంత వేగంతో పూర్తి లోతుకు దిగుతుందో చెప్పేదే అటాక్. చాలా పరికరాల్లో అటాక్ సమయం ముగిసేసరికి తగ్గింపు సుమారు మూడింట రెండు వంతులు పూర్తవుతుంది. మరికొన్నింటిలో ఆ నిర్వచనమే వేరు. అందుకే ఒక ప్లగిన్‌లోని (సంగీత సాఫ్ట్‌వేర్‌కు తగిలించుకునే పరికరంలోని) 10 మిల్లీసెకన్లు మరో ప్లగిన్‌లోని 10 మిల్లీసెకన్లలా వినిపించవు. ఎవరో ఇచ్చిన అంకెలను అలాగే ఎక్కించుకుంటే పని జరగకపోవడానికి ఇదొక కారణం.

రిలీజ్ దీనికి అద్దంలో బొమ్మ లాంటిది. శబ్దం తగ్గుముఖం పట్టాక పట్టు ఎంత వేగంగా సడలుతుందో అది చెబుతుంది. పాట నడకను నిర్ణయించడంలో అటాక్ కంటే రిలీజ్‌దే పెద్ద చెయ్యి అని నా నమ్మకం. దాని సంగతి సైడ్‌చెయిన్ దగ్గర విపులంగా చూద్దాం.

పాత పరికరాల పేర్లతో వచ్చే ప్లగిన్లను వాడేముందు ఈ రెండు వేగాలను తెలుసుకుంటే చాలా అయోమయం తీరుతుంది. బిల్ పట్నమ్ రూపొందించిన 1176 కంప్రెసర్ 1967లో వచ్చింది. దాని అటాక్ 20 మైక్రోసెకన్ల నుంచి 800 మైక్రోసెకన్ల వరకు ఉంటుంది. అంటే అతి నెమ్మది అమరిక కూడా ఒక మిల్లీసెకన్‌కు లోపే. కిక్ తొలి దెబ్బను పూర్తిగా వదిలేయమంటే అది వినదు, దాని స్వభావం అది కాదు. పైగా దాని అటాక్, రిలీజ్ మీటలను కుడివైపు తిప్పితే వేగం పెరుగుతుంది. ఇతర పరికరాల అలవాటుతో వచ్చినవారు సరిగ్గా వ్యతిరేక దిశలో తిప్పి, కిక్ ఎందుకు చచ్చుబడిందో తెలియక తికమక పడతారు. ఎల్‌ఏ-2ఏ అనే మరో పాత కంప్రెసర్ తీరు వేరుగా ఉంటుంది. లోపల ఒక వెలుగు, దాన్ని గ్రహించే ఒక కణం ఉంటాయి. అటాక్ సుమారు 10 మిల్లీసెకన్లు. పట్టులో సగం దాదాపు 60 మిల్లీసెకన్లలో సడలుతుంది, మిగతా సగానికి అర సెకను నుంచి కొన్ని సెకన్ల వరకు పడుతుంది. సాగే బేస్ స్వరాల మీద అది ఎంతో హాయిగా ఒదుగుతుంది. వేగంగా పరుగెత్తే బేస్‌లైన్ మీద మాత్రం దాని పట్టు ఎప్పటికీ పూర్తిగా వదలదు.

కిక్: మూడు ముక్కలు, ఒక గడియారం

ఎలక్ట్రానిక్ కిక్‌ను దగ్గరగా చూస్తే మూడు ముక్కలు కనిపిస్తాయి. మొదటి 5-10 మిల్లీసెకన్లలో ఒక పదునైన టిక్కు. ఆ వెంటనే పైనుంచి కిందికి జారే శ్రుతి, దాని ఒళ్లు. చివర 50 హెర్ట్జ్ ప్రాంతంలో నెమ్మదించే తోక. కంప్రెసర్‌తో వీటి నిష్పత్తిని మార్చవచ్చు. అటాక్‌ను ఒక మిల్లీసెకన్‌కు తెస్తే టిక్కు అణిగి, మిగతా రెండూ ముందుకు వస్తాయి. కిక్ మెత్తబడి వెనక్కి వెళుతుంది. అటాక్‌ను 15-30 మిల్లీసెకన్ల మధ్య ఉంచితే టిక్కు చాలావరకు తప్పించుకుంటుంది, ఒళ్లు దగ్గర తగ్గింపు బలపడుతుంది. పక్కనున్నది కుంగడం వల్ల టిక్కు మునుపటికంటే పొడవుగా కనిపిస్తుంది. కంప్రెస్ చేస్తే దెబ్బ పదునెక్కిందనే మాట వినడానికి వింతగా ఉంటుంది కానీ దాని వెనకున్న కారణం ఇదే.

తోక రిలీజ్ చేతిలో ఉంటుంది. పట్టు త్వరగా సడలితే, సన్నగిల్లాల్సిన తోక పైకి లేస్తుంది, కిక్ పొడవు పెరుగుతుంది. నెమ్మదిగా సడలితే తోక తన దారిన తాను పోతుంది. ఇక్కడే గడియారం వస్తుంది. నిమిషానికి 128 బీట్ల పాటలో ఒక కిక్‌కూ మరో కిక్‌కూ మధ్య 60,000ను 128తో భాగించినంత వ్యవధి, అంటే సుమారు 469 మిల్లీసెకన్లు ఉంటుంది. ఈలోపు తగ్గింపును చూపే మీటరు సున్నాకు తిరిగి రాకపోతే రెండో కిక్ టిక్కు పడే సమయానికే కంప్రెసర్ పట్టులో ఉంటుంది. పదును కాపాడడానికి అటాక్ దగ్గర చేసిందంతా వృథా అవుతుంది. లూప్‌లో, అంటే మళ్లీ మళ్లీ మోగే చిన్న భాగంలో, మొదటి కిక్ ఒక్కటే బలంగా పడి, తర్వాతవన్నీ ఒక మెట్టు దిగినట్టు వినిపిస్తుంటే చూడవలసిన మొదటి చోటు ఇదే.

అయితే అసలు కిక్ మీద కంప్రెసర్ ఉండాలా అన్నది ముందు వేసుకోవలసిన ప్రశ్న. అమ్మకానికి వచ్చే కిక్ సాంపిల్స్‌లో (ముందే రికార్డు చేసి ఉంచిన దెబ్బల్లో) చాలావాటిని తయారీలోనే కంప్రెస్ చేసి, పైభాగం కోసి మరీ ఇస్తారు. వాటి తరంగాన్ని తెరమీద పెద్దది చేసి చూస్తే శిఖరాలు చదునుగా కనిపిస్తాయి. అలాంటి దాని మీద ఇంకో కంప్రెసర్ పెడితే తీయడానికి ఏమీ మిగలదు. తోక పొడవుగా ఉందనిపిస్తే సాంపిల్స్‌ను వాయించే సాంప్లర్‌లోనే దాన్ని కుదించవచ్చు. టిక్కు చాలకపోతే పైన ఒక చిన్న టిక్కును పేర్చవచ్చు. శబ్దం పుట్టే చోట ఒక నిమిషంలో తీరే సమస్యను నాలుగు మీటలతో గంటసేపు వెంబడించడం అనవసరమని నాకు గట్టిగా అనిపిస్తుంది.

బేస్: కంప్రెసర్‌కు వినిపించని సంగతులు

సింథసైజర్ నుంచి వచ్చే సాదా బేస్ స్వరాన్ని తీసుకోండి. ఒకే ఆసిలేటర్ (స్వరాన్ని పుట్టించే భాగం), మొదటి నుంచి చివరి దాకా ఒకే స్థాయి. దీని మీద 20 మిల్లీసెకన్ల అటాక్‌తో కంప్రెసర్ పెడితే మొదటి క్షణం గట్టిగా దాటిపోతుంది, మిగతాదంతా సమానంగా దిగుతుంది. అంటే స్వరానికి ముందు ఒక మీటు చేరింది. బాగానే ఉంటుంది. కాకపోతే స్వరం కాలంతో ఎలా పెరిగి తగ్గాలో చెప్పే సింథసైజర్ ఎన్వలప్‌లో డికే, సస్టెయిన్ మీటలను కాస్త కదిపితే వచ్చేదీ సరిగ్గా అదే ఆకారం, అదీ మరింత కచ్చితంగా. అక్కడ కంప్రెసర్ చేసింది చుట్టుతిరుగుడు పని.

మరి బేస్‌లో స్థాయి నిజంగా ఎప్పుడు ఊగుతుంది? ఫిల్టర్ కదులుతూ, దాని అంచు దగ్గర శబ్దాన్ని పెంచే రెజొనెన్స్ ఒక స్వరం మీద పడినప్పుడు ఆ స్వరం ఒక్కసారిగా ఉబుకుతుంది. ఇది కంప్రెసర్‌కు తగిన పని. 3:1 లేదా 4:1 రేషియో, మధ్యస్థమైన అటాక్, 3-5 డెసిబెల్ తగ్గింపుతో ఆ ఉబుకు అణుగుతుంది. ఇందులోనూ ఒక హెచ్చరిక ఉంది. 1981లో వచ్చిన టీబీ-303 లాంటి బేస్ సింథసైజర్‌లో యాక్సెంట్ వేసిన స్వరం మరింత గట్టిగా, మరింత ప్రకాశంగా పలుకుతుంది. యాసిడ్ అనే హౌస్ శైలికి ప్రాణమే ఆ యాక్సెంట్లు. వేగమైన అటాక్‌తో వాటిని నొక్కేస్తే స్వరాలు మిగులుతాయి కానీ వాటి మాటతీరు పోతుంది.

ఇంకో ఊగిసలాట రెండు ఆసిలేటర్లను కొద్దిగా అపశ్రుతిలో ఉంచినప్పుడు వస్తుంది. ఒకటి 55 హెర్ట్జ్, మరొకటి 55.5 హెర్ట్జ్ అయితే ప్రతి రెండు సెకన్లకు ఒకసారి అవి కలిసి ఉబ్బి, మధ్యలో ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. లూప్‌లో ఒక్కోసారి బేస్ నిండుగా, ఒక్కోసారి బోలుగా వినిపించడానికి ఇది తరచుగా కారణం. కంప్రెసర్ ఉబ్బును అణచగలదు, రద్దయిపోయిన శబ్దాన్ని మాత్రం పుట్టించలేదు. అట్టడుగు సబ్ పొరను ఒకే ఆసిలేటర్‌కు అప్పగించి, అపశ్రుతి ఆసిలేటర్ల జంటను పై పౌనఃపున్యాలకు పరిమితం చేస్తే జబ్బు మూలంలోనే తగ్గుతుంది.

అన్నిటికంటే ఎక్కువగా మోసం చేసేది చెవి. 1933లో ఫ్లెచర్, మన్‌సన్ అనే ఇద్దరు పరిశోధకులు మనిషి చెవి అన్ని పౌనఃపున్యాలనూ సమానంగా వినదని కొలతలతో చూపించారు. చాలా కింది స్వరాలు వినిపించాలంటే మధ్య స్వరాల కంటే ఎంతో ఎక్కువ బలం కావాలి. 55 హెర్ట్జ్ నుంచి 110 హెర్ట్జ్‌కు, అంటే ఒక సప్తకం (ఆక్టేవ్) పైకి గెంతే బేస్‌లైన్‌లో రెండు స్వరాలూ మీటరు మీద సమానంగా ఉన్నా, చెవికి పైది బిగ్గరగా తోస్తుంది. ఈ తేడాను కంప్రెసర్‌తో సరిచేయబోతే అది సహకరించదు. దానికి చెవి లేదు, అది కొలిచేది విద్యుత్ స్థాయిని. మీటరు ప్రకారం అక్కడ సమస్యే లేదు కనుక ఎంత నొక్కినా ఆ స్వరాల మధ్య తేడా మారదు. పై స్వరాల వెలాసిటీని (మీటే బలాన్ని) తగ్గించడమో, ఈక్వలైజర్‌తో ఆ చోట కొద్దిగా దించడమో సరైన మందు.

ఇక వేగం సంగతి. 40 హెర్ట్జ్ స్వరం ఒక్కసారి ఊగడానికి 25 మిల్లీసెకన్లు పడుతుంది. అందులో ఒకటి పైకి, ఒకటి కిందికి, రెండు శిఖరాలు. కంప్రెసర్ రిలీజ్‌ను 5 మిల్లీసెకన్లకు పెట్టి, అటాక్‌నూ అంతే వేగంగా ఉంచితే అది స్వరాన్ని అనుసరించడం మానేసి, స్వరంలోని ఒక్కో ఊగును వెంటాడుతుంది. ప్రతి శిఖరం దగ్గర దిగుతుంది, ప్రతి లోయ దగ్గర ఎక్కుతుంది. తరంగం ఆకారమే మారిపోయి 120 హెర్ట్జ్ దగ్గర, ఇంకా పైన కొత్త స్వరాలు పుడతాయి. దీన్నే మనం గరగరగా వింటాము. అనుకోకుండా జరిగితే ఇది దోషం. కావాలని చేస్తే ఉపకరణం. ఫోను స్పీకర్లు 40 హెర్ట్జ్‌ను పలకలేవు. పైన పుట్టిన ఆ స్వరాల ఆధారంగానే వినేవారి మెదడు కింది స్వరాన్ని ఊహించుకుంటుంది. నా మట్టుకు నాకు అందుకోసం తరంగాన్ని కొద్దిగా వక్రీకరించే శాచురేషన్ వాడడమే ఇష్టం, అందులో ఏం జరుగుతోందో తేటగా తెలుస్తుంది. శుభ్రమైన సబ్ కావాలనుకున్నప్పుడు రిలీజ్‌ను 60-100 మిల్లీసెకన్లకు తగ్గనివ్వను.

సైడ్‌చెయిన్: ఒకరికి ఒకరు దారి ఇవ్వడం

ఇప్పటిదాకా కంప్రెసర్ తన గుండా పోయే శబ్దాన్నే విని, దాన్నే తగ్గించింది. వినేది ఒకదాన్ని, తగ్గించేది మరోదాన్ని అయితే అది సైడ్‌చెయిన్. రేడియోలో వ్యాఖ్యాత మాట్లాడగానే వెనక సంగీతం దానంతటదే తగ్గేది ఈ సూత్రం మీదే. ఎలక్ట్రానిక్ సంగీతంలో వ్యాఖ్యాత స్థానం కిక్‌ది. బేస్ మీదున్న కంప్రెసర్ కిక్‌ను వింటూ, అది పడినప్పుడల్లా బేస్‌ను కిందికి దించుతుంది. 1990ల చివర ఫ్రెంచ్ హౌస్ ఈ ఊపిరి లాంటి ఊగును బేస్‌కే కాక పాట మొత్తానికీ పట్టించి, దాన్నొక శైలిగా మార్చింది.

అవసరం ఎక్కడినుంచి వస్తుందో లెక్కతో చూద్దాం. కిక్ తోక 50 హెర్ట్జ్ దగ్గర, బేస్ కూడా 50 హెర్ట్జ్ దగ్గర, రెండూ ఒకే స్థాయిలో ఉన్నాయనుకోండి. వాటి తరంగాలు ఒకే దిశలో కలిస్తే మొత్తం 6 డెసిబెల్ పెరుగుతుంది. ఎదురుబొదురుగా కలిస్తే రద్దవుతాయి. ప్రతి కిక్‌కూ ఈ కలయిక మారుతూ ఉంటే ఒక దెబ్బ బరువుగా, మరో దెబ్బ తేలిగ్గా పడుతుంది. కిక్ ఉన్నంతసేపు బేస్ తప్పుకుంటే ఈ జూదం ఉండదు, మిక్స్‌లో చోటూ మిగులుతుంది.

తప్పుకునే వేగం ఒకటి, రెండు మిల్లీసెకన్లు ఉంటే చాలు. మరీ తక్షణంగా దించితే బేస్ తరంగం మధ్యలో తెగి చిన్న చిటపట వినిపించవచ్చు. తిరిగి రావడంలోనే సంగీతమంతా ఉంది. 128 బీట్ల పాటలో ఒక బీటును నాలుగు భాగాలు చేస్తే ఒక్కో భాగం సుమారు 117 మిల్లీసెకన్లు. కిక్ తర్వాత మిగిలిన మూడు భాగాల్లోనూ బేస్ స్వరాలు ఉన్నాయనుకుందాం. అవి 117, 234, 352 మిల్లీసెకన్ల వద్ద పడతాయి. బేస్ 100 మిల్లీసెకన్లలో పూర్తిగా తేరుకుంటే మూడు స్వరాలూ సమానంగా, బిగువుగా, యంత్రంలా నడుస్తాయి. అదే 300 మిల్లీసెకన్లు తీసుకుంటే మొదటి స్వరం మెత్తగా, రెండోది మధ్యస్థంగా, మూడోది నిండుగా వినిపిస్తుంది. ప్రతి బీటులోనూ ఒక అల ఎక్కి, కిక్ మీద విరుగుతుంది. స్వరాలు అవే, సౌండ్ అదే, ఒక్క మీట తిప్పితే పాట నడక మారింది. డాన్స్ సంగీతంలో కంప్రెసర్‌ను వాద్యంగా చూడాలని నేను అనేది ఇందుకే.

బేస్ స్వరం రెండు కిక్‌లకు సరిగ్గా నడిమధ్యన, 234 మిల్లీసెకన్ల దగ్గర ఒక్కటే పడే పాటల్లో కొంత వెసులుబాటు ఉంటుంది. అసలు రెండూ కలవవు కనుక సైడ్‌చెయిన్ లేకపోయినా గడుస్తుంది. సైట్రాన్స్ అనే వేగమైన డాన్స్ సంగీతం ఇందుకు మరో రకమైన ఉదాహరణ. 145 బీట్ల వేగంలో నాలుగో వంతు భాగం 103 మిల్లీసెకన్లే. మొదటి భాగం కిక్‌ది, తర్వాతి మూడూ బేస్‌వి. కిక్‌ను ఆ 103 మిల్లీసెకన్లలో ముగిసేలా కత్తిరించి పెడితే, ఒకరు వెళ్లాకే మరొకరు వస్తారు. అక్కడ కంప్రెసర్ చేయాల్సిన పనిని అమరికే చేసేసింది.

కంప్రెసర్ బదులు నేరుగా ఒక వంపు గీసి దాని ప్రకారం స్థాయిని కదిపే ప్లగిన్లు కూడా ఇప్పుడు విరివిగా వాడుతున్నారు. దిగుడు, ఎక్కుడు రెండూ మన చేతిలోనే ఉంటాయి కనుక నాలుగు బీట్ల నిలకడైన పాటకు అవి చక్కగా సరిపోతాయి. కిక్ ఎక్కడ పడుతుందో ముందే చెప్పలేని విరిగిన తాళాల్లో మాత్రం కిక్‌ను విని స్పందించే కంప్రెసర్ ఇంకా తేలిక. ఇంకో మాట: తగ్గించాల్సింది బేస్ అంతటినీ కాకపోవచ్చు. బేస్‌ను 120 హెర్ట్జ్ దగ్గర రెండుగా విడదీసి కింది భాగాన్ని మాత్రమే దించితే, పై భాగం గరగర కిక్ మీదుగా కొనసాగుతూనే ఉంటుంది. ఊగు వినిపించకుండా చోటు దొరుకుతుంది.

అన్ని డ్రమ్స్‌నూ ఒకే చేత్తో

కిక్, స్నేర్, హై-హ్యాట్లు విడివిడిగా వేర్వేరు చోట్ల నుంచి తెచ్చినవే. ఒకే గదిలో ఎప్పుడూ మోగనివి. వాటన్నిటినీ ఒక బస్‌లో, అంటే ఒకే ఉమ్మడి దారిలో, కలిపి తేలికపాటి కంప్రెసర్ పెడితే అవి ఒకదాని కదలికకు మరొకటి లోబడి, ఒకే కుటుంబంలా వినిపించడం మొదలవుతుంది. ఎస్‌ఎస్‌ఎల్ మిక్సింగ్ కన్సోళ్లలోని బస్ కంప్రెసర్ ఇందుకు పేరుపడింది. దాని అటాక్ 0.1 నుంచి 30 మిల్లీసెకన్ల వరకు ఆరు మెట్లలో, రేషియో 2, 4, 10 అనే మూడు మెట్లలో ఉంటాయి. అంత తక్కువ ఎంపికలు ఉండడం ఒక వరమే. 10 లేదా 30 మిల్లీసెకన్ల అటాక్, 2:1 లేదా 4:1 రేషియో, 2 డెసిబెల్ చుట్టూ తగ్గింపుతో మొదలుపెడితే చాలావరకు దారిలోనే ఉంటాము.

ఇక్కడ తరచుగా ఎదురయ్యే ఇబ్బంది కిక్ పెత్తనం. అందరికంటే ఎక్కువ బలం దానిదే కనుక కంప్రెసర్‌ను కదిపేది అదే. కిక్ పడినప్పుడల్లా హై-హ్యాట్ కూడా మునుగుతుంది. కావాలనుకుంటే అదొక ఊపు. వద్దనుకుంటే కంప్రెసర్ వినే దారిలో 100 హెర్ట్జ్ కింద కోత పెట్టే ఫిల్టర్ ఉంటుంది, దాన్ని వాడాలి. బయటికి వచ్చే శబ్దంలో కింది భాగం ఏమీ తగ్గదు. కంప్రెసర్ దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది, అంతే.

మనిషి వాయించిన డ్రమ్ బ్రేకులను (పాటలో డ్రమ్స్ ఒంటరిగా మోగే భాగాలను) సాంపిల్ చేసినప్పుడు కథ మారుతుంది. 1969లో ద విన్‌స్టన్స్ బృందం రికార్డులోని నాలుగు బార్ల డ్రమ్ భాగం అమెన్ బ్రేక్ పేరుతో జంగిల్, డ్రమ్ అండ్ బేస్ సంగీతాలకు పునాది అయింది. అందులో గట్టి స్నేర్ దెబ్బల మధ్య అతి మెత్తని చిన్న దెబ్బలు ఉంటాయి. ఇలాంటి బ్రేకును వేగమైన రిలీజ్‌తో గట్టిగా కంప్రెస్ చేస్తే పెద్ద దెబ్బలు దిగి, ఆ చిన్న దెబ్బలూ సింబల్ హోరూ పైకి లేస్తాయి. తాళం ఒక్కసారిగా కిక్కిరిసిపోతుంది. 174 బీట్ల వేగంలో నాలుగో వంతు భాగం 86 మిల్లీసెకన్లే కనుక అంతకంటే నెమ్మదైన రిలీజ్‌తో ఈ ఫలితం రాదు. చేత్తో వాయించినదాన్ని చదును చేసే పాత పని ఎలక్ట్రానిక్ సంగీతంలో నిజంగా పనికొచ్చే చోటు ఇది.

దెబ్బలూ కావాలి, హోరూ కావాలి అనుకుంటే ప్యారలల్ కంప్రెషన్ ఉంది. డ్రమ్స్ నకలు ఒకటి తీసి, దాన్ని 10 లేదా 15 డెసిబెల్ తగ్గేలా పిండి, అసలుదాని కింద మెల్లగా కలపడమే. గట్టి దెబ్బ పడిన క్షణంలో పిండిన నకలు అణిగి ఉంటుంది కనుక అసలు దెబ్బ చెదరదు. దెబ్బకూ దెబ్బకూ మధ్య నకలు పైకి వచ్చి ఖాళీని నింపుతుంది. రెండు ప్రతులూ కాలంలో ఒక్క మిల్లీసెకన్ కూడా జరగకుండా చూసుకోవాలి. జరిగితే కొన్ని పౌనఃపున్యాలు రద్దయి, డ్రమ్స్ బోలుగా మారతాయి. బేస్ మీద ఇదే చేస్తూ నకలుకు కింది భాగం కోసే ఫిల్టర్ పెడితే మరింత జాగ్రత్త అవసరం. ఆ ఫిల్టర్ తరంగాన్ని కాస్త పక్కకు తిప్పుతుంది, సబ్ పలచబడే ప్రమాదం ఉంది.

డ్రమ్ శిఖరాలు మరీ ఎత్తుగా ఉండి మొత్తం స్థాయిని పెంచలేకపోతున్నప్పుడు నేను కంప్రెసర్ కంటే క్లిప్పర్‌ను నమ్ముతాను. ఒక మిల్లీసెకన్ పాటు ఉండే శిఖరాన్ని కోసేస్తే అదే క్షణంలో అది తన పని ముగించుకుంటుంది, వెనక వచ్చే శబ్దాన్ని కదపదు. వేగంగా వదలని లిమిటర్ (శిఖరాలు హద్దు దాటకుండా ఆపే కంప్రెసర్) అదే శిఖరం కోసం తర్వాతి పదుల మిల్లీసెకన్ల శబ్దాన్నీ కిందికి లాగుతుంది.

ఏ క్రమంలో తిప్పాలి

మొదలుపెట్టేటప్పుడు రేషియోను గరిష్ఠానికి, థ్రెషోల్డ్‌ను బాగా కిందికి తెచ్చి శబ్దాన్ని కావాలనే పాడుచేస్తాను. అప్పుడు అటాక్ మార్పు ఎక్కడ టిక్కును మింగుతోందో, రిలీజ్ మార్పు ఎక్కడ తాళంతో కలుస్తోందో పెద్ద అక్షరాల్లో కనిపించినట్టు వినిపిస్తాయి. ఆ రెండూ కుదిరాక రేషియోను తగ్గించి, చివర థ్రెషోల్డ్‌ను పైకి తెస్తాను. మెత్తని అమరికతో మొదలుపెట్టి మార్పు వినబడక అంకెలను ఊహించడం కంటే ఇది ఎంతో నిజాయితీ గల పద్ధతి.

ఆ తర్వాత కంప్రెసర్ తీసేసి, పెట్టి పోల్చేటప్పుడు రెండింటి బిగ్గరతనం సమానంగా ఉండి తీరాలి. ఒక డెసిబెల్ ఎక్కువున్నది మనకు మెరుగ్గా తోస్తుంది. ఎన్నేళ్ల అనుభవమూ దీన్నుంచి కాపాడదు. ప్లగిన్ తనంతట తాను గెయిన్ పెంచే సదుపాయం ఉంటే దాన్ని ఆపి, మేకప్ గెయిన్‌ను చెవితో సరిచేసి, ఆ తర్వాతే తీర్పు చెప్పాలి. ఇలా పోల్చినప్పుడు నా పాత ప్రాజెక్టుల్లో సగం కంప్రెసర్లు ఏ మేలూ చేయడం లేదని తేలింది. వాటిని తీసేశాను, మిక్స్ తేటపడింది.

చివరి పరీక్ష ఎనిమిది బార్ల లూప్‌లో జరగదు. కిక్ ఆగిపోయే బ్రేక్‌డౌన్ దగ్గర వినాలి. కిక్‌ను విని దిగుతున్న బేస్, కిక్ లేకపోవడంతో అక్కడ ఒక్కసారిగా పూర్తి ఎత్తుకు లేస్తుంది. ప్యాడ్లు (వెనక సాగే మెత్తని స్వరాలు) కూడా అదే సైడ్‌చెయిన్ కింద ఉంటే నిశ్శబ్దం కావాల్సిన చోట పాట ఉబ్బుతుంది, తిరిగి కిక్ వచ్చే క్షణం చిన్నబోతుంది. ఊగు కొనసాగాలనుకుంటే బయటికి వినిపించని ఒక నకలు కిక్‌ను కంప్రెసర్ వినే దారిలో నడిపించాలి. ఆగిపోవాలనుకుంటే బ్రేక్‌డౌన్ పొడవునా బేస్ స్థాయిని చేత్తో రెండు, మూడు డెసిబెల్ దించి, కిక్ పడే బీటు దగ్గర తిరిగి వదలాలి.